చేతులకి పని, చెవులకి కథ

మేడమీది అద్దె గది,
జూన్ 9.

అన్నయ్యా,

నన్ను తెగిన గాలిపటం అన్నావట. "అట" ఏమిటిలే, అచ్చులోనే చూశాను. నీకు సన్మానం చేసిన మన బడి వాళ్ళు నీ ప్రసంగాన్ని సంచికలో వేసి, పాత విద్యార్థులందరికీ పంపినట్టే నాకూ ఒకటి పంపారు. పదకొండో పేజీ. "మా నాన్న తెల్లవారుజామున ఐదింటికే లేపి మమ్మల్ని చదువుకి కూర్చోబెట్టేవారు. ఆ క్రమశిక్షణే నన్ను ఇంతవాణ్ణి చేసింది. దానికి లొంగనిది మా చెల్లెలు ఒక్కతే. నాలుగేళ్ళలో మూడు ఉద్యోగాలు మార్చింది. తెగిన గాలిపటం, ఏ కొమ్మకి చిక్కుకుంటుందో చూడాలి." ఆ పక్కనే "సభలో నవ్వులు" అని కూడా వేశారు. ఎవరెవరు నవ్వారో పేర్లు వేయలేదు, అదృష్టం.

మార్చాను. ఎందుకు మార్చావని మీలో ఒక్కరైనా అడిగారా? అమ్మ "దాని కాళ్ళకి చక్రాలున్నాయి" అంటుంది. వదిన "ఎవరైనా దొరికారా ఏమిటి?" అని నవ్వుతుంది. నువ్వేమో మైకు పట్టుకుని మరీ చెప్పావు. బీమా ఆఫీసులో పదినెలలు ఒకే ఉత్తరాన్ని పేరు మార్చి పేరు మార్చి రాశాను. పటాలు అచ్చువేసే చోట ఏడాదిన్నర గీతలు దిద్దాను. ఆ తర్వాత బడిలో భూగోళం చెప్పాను. పటంలో నదిని కర్రతో చూపించి చూపించి, ఒక్కసారైనా దాని ఒడ్డున నిలబడకుండా ఇంకో పిల్లకి దాని గురించి చెప్పలేననిపించింది. అందుకే సర్వే శాఖకి దరఖాస్తు పెట్టాను. కొండలూ నదులూ కొలుచుకుంటూ, గుడారాల్లో ఉంటూ రెండేళ్ళు తిరగాలి. జవాబు ఇంకా రాలేదు.

అది సరే, ఐదింటికి లేపిన ఆ నాన్న ఎవరు? మన నాన్న ఏడు దాటితే గానీ దుప్పటి తీసేవారు కాదు. "పుస్తకాలు కుట్టేవాడు తొందరపడితే వేలికి సూది దిగుతుంది" అని పడుకునే చెప్పేవారు. ఆయన లేరు కదా అని మన ఇంటిని వేరే ఇల్లు చేసేస్తావా?

మన ముందుగది గుర్తుందా? ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఒకటే బల్ల. అచ్చయిన కాగితాల కట్టలు ఒక చివర, బిగింపు చెక్కలు ఇంకో చివర. పెద్ద కాగితాన్ని మడిస్తే పదహారు పేజీల ఫారం. అమ్మ మడిచేది, నువ్వు ఫారాల్ని వరసపెట్టేవాడివి, నాన్న కుట్టేవారు. మైనం రాసిన దారం కాగితంలోంచి సర్రున వెళ్ళే చప్పుడు ఇప్పటికీ నా చెవిలో ఉంది. నేను మూలన పీటమీద కూర్చుని, ఆ రోజు ఏ ఫారాలుంటే అవి గట్టిగా చదివేదాన్ని. ఎందుకంటే నా చేతులు పనికి పనికిరావు. "నీ చేతిలో పడితే కాగితం నలుగుతోంది తల్లీ. నువ్వు చదువు, మేం వింటాం" అని నాన్నే తేల్చేశారు. ఎనిమిదో ఏట నుంచి పదిహేడో ఏడు దాకా చదివాను. పశువుల వైద్యం, బావుల తవ్వకం, ప్రేమకథలు. ప్రేమకథలొస్తే అమ్మ "ఆ పేజీ వదిలెయ్యి" అనేది. నాన్న "చదవనీవే, మడత చెడిపోదులే" అనేవారు. నీ సంగతి చెప్పక్కర్లేదు. బద్ధకం మహారాజువి. నీ పాఠాలు కూడా నాచేతే చదివించుకున్నావు.

"కాగితం చూడకుండా వాదించే లాయరు" అని నీకు పేరొచ్చిందంటే అది ఆ బల్ల దగ్గర విని విని వచ్చింది. లేని ఐదు గంటలు చెప్పి, ఉన్న బల్లని ఎందుకు దాచావు? ఈ ఒక్కదానికి జవాబు రాయి.

నీ చెల్లి

·

కోర్టు ఎదుట ఆఫీసు,
జూన్ 30.

చి.ల.సౌ. సోదరికి శుభాశీస్సులు. ఉభయకుశలోపరి.

నీ లేఖ అందినది. సంగతులు తెలిసినవి. ప్రసంగమన్న తర్వాత నాలుగు సరదా మాటలు ఉండవలెను. దానిని మనసులో పెట్టుకొనవద్దు. ఐదు గంటల విషయము కూడ సభకు తగినట్లు చెప్పినదే.

ఇక అసలు సంగతి. నీ ఉద్యోగము ఎటూ స్థిరముగా లేదు కనుక మా ఇంట ఒక రెండేళ్ళు ఉండవచ్చును. మేడమీది గది నీకొరకు సిద్ధము చేయించితిని. కిటికీ పక్కన కుర్చీ, మంచి దీపము, గోడకు పుస్తకముల బీరువా ఉన్నవి. అమ్మ నిన్ను తలచుకొనుచున్నది. పాపకు నీవన్న ప్రాణము. సర్వే పని ఆడపిల్లకు కష్టము. ఆలోచించి వెంటనే రాయగలవు.

అన్న

(పై మాటలు అయ్యగారు చెప్పగా టైపు చేయడమైనది. గుమాస్తా.)

·

మేడమీది అద్దె గది,
ఆగస్టు 3.

అన్నయ్యా,

చి.ల.సౌ. అని పడింది. నా పెళ్ళి ఎప్పుడు, ఎవరితో జరిగిందో గుమాస్తాగారిని అడిగి చెప్పు, నేను కూడా వస్తాను. సొంత చెల్లెలికి రెండు ముక్కలు చేత్తో రాయలేనంత పెద్దవాడివయ్యావన్నమాట.

సర్వే శాఖ నుంచి కాగితం వచ్చింది. నన్ను తీసుకున్నారు. నవంబరు పదిన చేరాలి. ఇరవై ఎనిమిదేళ్ళలో నేను కావాలనుకోగా నాకు వచ్చిన మొదటి కాగితం ఇది. ఆ రోజు ఇంటి గలాయనకి మెట్లమీద అడ్డంపడి మరీ చెప్పాను. ఆయన "కొండలంటే చలిగా ఉంటుందేమోనమ్మా" అన్నాడు, అంతే.

నిన్న పాత సంచికలు తిరగేస్తుంటే పోస్టుమాస్టరుగారి నవల జ్ఞాపకం వచ్చింది. ఒక్కదాన్నే గదిలో కూర్చుని పకపకా నవ్వాను. నీకు పన్నెండు, నాకు ఎనిమిది. రిటైరైన పోస్టుమాస్టరుగారు జన్మకల్లా రాసిన ఒకే ఒక్క నవల, నలభై ప్రతులు. అప్పటికి మనింట్లో గట్టిగా చదివే పద్ధతి లేదు. నేను కూడా అమ్మతో పాటు మడతలు పెట్టేదాన్ని. "నా బదులు నువ్వు చదివి చెప్పు, నీ వంతు మడతలు నేను పెడతాను" అని నువ్వు బతిమాలితే, పెరట్లో కూర్చుని ఆ నవలంతా నీకు చదివి వినిపించాను. కథ ముసలాయన శవయాత్రతో మొదలవుతుంది. సగం అయ్యాక ఆయన చిన్నతనానికి వెళుతుంది. ఫారాల్ని వరసపెట్టమని నీకిస్తే నువ్వేం చేశావు? ముందు పుట్టాడు కదా అని చిన్నతనాన్ని ముందు పెట్టావు. చావుని చివరికి తోశావు. నలభైకి నలభై! నాన్న నిన్ను నమ్మి కుట్టేశారు, అట్ట కూడా వేసేశారు.

పోస్టుమాస్టరుగారు గుమ్మంలోనే అరిచారు. "ఏమయ్యా! నా హీరో చచ్చి మొదలవ్వాలి. మీరు పుట్టించి మొదలుపెట్టారేమిటి?"

నాన్న "నాదే పొరపాటండీ" అన్నారు. మూడు రోజులు కూర్చుని నలభై పుస్తకాల ముళ్ళూ విప్పారు. "పేజీ కింద అంకె చూడలేదురా?" అని నిన్నడిగితే, "నేను కథ చూశాను" అన్నావు. అమ్మ నవ్వాపుకోలేక వంటింట్లోకి పోయింది.

నవ్విన తర్వాత ఒక సంగతి తట్టింది. ఆ వారమే నన్ను మడతల నుంచి తీసేసి పీటమీద కూర్చోబెట్టారు. తప్పు నీది, తీసేసింది నన్ను. అదేం న్యాయమో ఇప్పటికీ తెలియదు.

పీటమీద ఇంకో బాధ కూడా ఉండేది. ఒక పుస్తకం చివరి ఫారం నా చేతికి వచ్చేలోపే కట్టలు కట్టి పంపేసేవారు. ఎన్ని కథలు సగంలో వెళ్ళిపోయాయో. అవి ఎక్కడికి పోయాయో అని గుమ్మంలో నిలబడి వీధి చివరిదాకా చూసేదాన్ని. అమ్మ చెప్పే చక్రాలు అప్పుడే మొలిచాయేమో.

సరే, అడుగుతున్నాను. కిటికీ, కుర్చీ, దీపం, పుస్తకాల బీరువా. చుట్టపుచూపుగా వచ్చేవాళ్ళకి మంచం చూపిస్తారు, దీపం చూపించరు. నేనెందుకు రావాలి? నిజం రాయి.

చెల్లి

·

కోర్టు ఎదుట ఆఫీసు,
సెప్టెంబరు 2.

చెల్లెమ్మకు,

గుమాస్తాగారికి "చి.ల.సౌ." వద్దని చెప్పాను. ఆయన మొహం మాడ్చుకున్నారు. మామూలు మాటల్లో టైపు చెయ్యమన్నాను. చేస్తున్నారు, కానీ బాధపడుతూ.

నిజం రాయమన్నావు కాబట్టి రాయిస్తున్నాను. సంగతి మా పాప పిచ్చుకది. ఏడేళ్ళు వచ్చాయి. మాటలకి పెద్ద లాయరు, నన్నే మించిపోతుంది. చదువు మాత్రం ఎక్కడం లేదు. రెండో తరగతి పుస్తకంలో నాలుగు లైన్లు చదవలేకపోతోంది. పంతులమ్మ బద్ధకం అంటోంది. హెడ్మిస్ట్రెస్ పిలిచి, ఇలాంటి పిల్లల కోసం వేరే ఊళ్ళో హాస్టలు బడి ఉందని కాగితం చేతిలో పెట్టింది. అక్టోబరు నెలాఖరులోగా సంతకం పెట్టాలి. ఏడేళ్ళ పిల్లని హాస్టల్లో వదలాలంటే మీ వదిన రోజూ ఏడుస్తోంది.

పక్కన కూర్చుని చదివి వినిపించేవాళ్ళుంటే అది అందుకుంటుంది. నీలా చదివేవాళ్ళు నాకు తెలిసి ఇంకొకరు లేరు. రెండేళ్ళు చాలు. ముందు ఒకసారి వచ్చి చూడు.

అన్నయ్య

·

మేడమీది అద్దె గది,
సెప్టెంబరు 28.

అన్నయ్యా,

నాలుగు రోజులు మీ ఇంట్లో ఉండి వచ్చాను. అక్కడ నోటితో చెప్పలేనివి ఇక్కడికొచ్చాక రాస్తున్నాను. చింపెయ్యకుండా చదువు. చదివించుకోకు, చదువు.

మీ ఇల్లు అందంగా ఉంది. పుస్తకాలు అద్దాల వెనక ఉన్నాయి. ఎవరి గది వాళ్ళది, ఎవరి తలుపు వాళ్ళది. అన్నం దగ్గర తప్ప నలుగురూ ఒకచోట కూర్చోగా నేను చూడలేదు. వదిన కుట్టుపని ఒక గదిలో, అమ్మ బట్టల మడతలు ఇంకో గదిలో. గోడమీద పిచ్చుక టైంటేబులు మాత్రం మూడు రంగుల్లో ఉంది. దాన్ని కూడా ఎవరో చదివి చెబితే గానీ పాపం పిల్లకి తెలియదు.

రెండో రోజు మెట్లమీద పిచ్చుక నా పక్కన చేరింది. "అత్తా, నువ్వు చదువు, నేను నీకు జడ వేస్తాను" అంది. అమ్మ వెనక నుంచి, "అచ్చం వాళ్ళ నాన్నే. నోరు తెరిస్తే బేరం" అంది. పోస్టుమాస్టరుగారి నవల నాడు నువ్వాడిన బేరం గుర్తొచ్చింది. నేను చదివాను, అది వేసింది. జడ ఎంత బాగా కుదిరిందంటే సాయంత్రం దాకా విప్పలేదు. తర్వాత "ఇప్పుడు నువ్వు చదివి చూపించు" అన్నాను. గడగడా చదివింది, ఒక్క తప్పు లేదు. వదిన సంబరపడి వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. కానీ పేజీ అయిపోయింది, పిల్ల తిప్పడం మరిచిపోయింది, నోరు మాత్రం ఆగకుండా తర్వాతి పేజీలోకి వెళ్ళిపోయింది. నేను ఒక్కసారి చదివిందంతా దాని తలలో ఉంది.

అది బద్ధకమని ఎవరన్నారో గాని, బద్ధకస్తులకి అంత కష్టం చేతకాదు.

ఆదివారం పొద్దున నువ్వు పేపరు తెరిచి కూర్చున్నావు. నేను ఎదురుగా చిక్కుడుకాయలు వలుస్తున్నాను. అరగంట. నువ్వు కూడా పేజీ తిప్పలేదు. గుమాస్తాగారు వచ్చి పేపరు అందుకుని గట్టిగా వార్తలు చదివారు. "అయ్యగారి కళ్ళకి విశ్రాంతి ఉండాలమ్మా" అని నాతో అన్నారు. కళ్ళజోడైనా లేని కళ్ళకి విశ్రాంతి ఏమిటన్నయ్యా? పిచ్చుక బొమ్మల పుస్తకం తెచ్చి "ఇదేమిటి నాన్నా?" అంటే, చూడకుండానే "అమ్మనడుగు" అన్నావు. పెరట్లో ఆ నవల చదివే పని నాకు అప్పజెప్పిన గొంతే అది.

నేనింతకాలం నిన్ను బద్ధకస్తుణ్ణి అనుకున్నాను. తప్పనుకున్నానా?

చెల్లి

·

ఇంట్లో, నా గదిలో,
అక్టోబరు 20.

చెల్లీ,

ఇది నేనే రాస్తున్నాను. గుమాస్తాగారికి తెలియదు. నాలుగు రోజులు పట్టింది. తప్పులుంటే ఉండనీ.

నువ్వనుకున్నది నిజం. నాకు చదవడం రాదు. అంటే వచ్చు, కానీ ఒక లైను చివరికెళ్ళి కిందికి దిగితే మళ్ళీ అదే లైనులో ఉంటాను. ఒక పేజీకి గంట. కాలేజీలో కలిసి చదువుకుందాం రండి అనేవాణ్ణి. వాళ్ళు చదివేవారు. నేను విని, వాళ్ళకే విడమర్చి చెప్పేవాణ్ణి. అందరూ నన్ను తెలివైనవాణ్ణి అనుకున్నారు. కోర్టులో ఇప్పుడూ అంతే. రాత్రి విన్నది పొద్దున చెబుతాను. కాగితం చూడనని చప్పట్లు కొడతారు.

నవల ముళ్ళు విప్పిన మూడో రోజు నాన్న నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఒక ఫారం ఇచ్చారు. చదువు అన్నారు. పేరు చదివాను. తర్వాత ఏడ్చాను. ఆయన తిట్టలేదు. "ఎవరికీ చెప్పకు. చదువు సంగతి నేను చూసుకుంటాను" అన్నారు. మర్నాడు నీతో నీ చేతులు పనికిరావన్నారు.

చెల్లీ, నీ చేతులు మంచివి. నీ మడత అమ్మ మడత కంటే సూటిగా ఉండేది. నాన్నే నాతో అన్నారు. "అది నొచ్చుకుంటుంది. కానీ నువ్వు మునిగిపోతావురా" అన్నారు. నేను విన్నాను. ఊరుకున్నాను. ఇరవై ఏళ్ళు ఊరుకున్నాను. పోయేముందు కూడా నాన్న నాతో "దానికి చెప్పు" అన్నారు. చెప్పలేదు.

బల్ల సంగతి సభలో ఎందుకు చెప్పలేదని అడిగావు. బల్ల గురించి చెబితే ఎందుకు అని అడుగుతారు. ఐదు గంటలంటే ఎవరూ ఏమీ అడగరు.

మీ వదినకి తెలియదు. మొన్న పిచ్చుక అడిగింది. "నాన్నా, చిన్నప్పుడు నీకు అన్నీ వచ్చేవి కదా?" అవును అన్నాను. అది తల దించుకుని వెళ్ళిపోయింది.

హాస్టలు కాగితం నా సొరుగులో ఉంది. ముప్ఫై ఒకటిన సంతకం పెట్టాలి. నువ్వు వస్తే చింపేస్తాను. నాకు చదివినట్టే దానికీ చదువు. రా చెల్లీ.

అన్నయ్య

·

మేడమీది అద్దె గది,
అక్టోబరు 25.

అన్నయ్యా,

నీ దస్తూరీ చూసి చాలా ఏళ్ళయింది. రెండుసార్లు చదివాను. ఆ తర్వాత గదిలో ఉన్న పాత పేపర్లన్నీ నేలమీద పరిచి మడిచాను. అంచుకి అంచు కలిసింది. ఇంటి గలాయన తలుపు తట్టి, "ఖాళీ చేస్తున్నావా అమ్మా?" అని అడిగాడు. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

నాన్న మీద కోపం వచ్చింది. కాలేజీలో ప్రయోగశాలకి వెళ్ళాల్సిన కోర్సు వదిలేసి భూగోళం తీసుకున్నది ఎందుకో తెలుసా? గాజు సామాన్లు నా చేతిలో పగులుతాయని. గాజులు కొనుక్కోవడానికి వెళ్ళినా అవతలివాళ్ళనే తొడగమంటాను. ఆయన కూతురి చేతులు తీసి కొడుకు చెవుల్లో పెట్టారు. వెంటనే, పుస్తకం కుడుతూ కుడుతూ నేను చదివే చోట సూది ఆపి, "మళ్ళీ చదువు తల్లీ, ఆ ముక్క బాగుంది" అనే ఆయన మొహం గుర్తొచ్చింది. కోపం పోయింది. రాత్రి అన్నం తినేటప్పుడు మళ్ళీ వచ్చింది. ఇలా వస్తూ పోతూనే ఉంటుందేమో. నీ మీద వచ్చింది మాత్రం ఇంకా పోలేదు. ఆయన చెప్పమన్నాక కూడా చెప్పలేదు నువ్వు.

ఇప్పుడు పిచ్చుక గురించి.

నాన్న నీ కోసం ఇంటినంతా మార్చారు. అమ్మ, నేను, బల్ల, పనివేళలు, అన్నీ. నువ్వు నీ కూతురి కోసం ఒక మనిషిని తెప్పిస్తే చాలనుకుంటున్నావు. మేడమీద గదిలో దీపం కింద నేను చదువుతాను, అది వింటుంది. కింద గదిలో నీకు గుమాస్తాగారు చదువుతారు, నువ్వు వింటావు. మధ్యలో తలుపు. దానికి జ్ఞాపకం బాగా పెరుగుతుంది. ముప్ఫై రెండేళ్ళు వచ్చేసరికి అది కూడా ఒక గుమాస్తాని పెట్టుకుంటుంది. తనకి తప్ప ఇంట్లో ఎవరికీ ఇలా లేదని, అన్నీ వచ్చిన నాన్నకి ఏమీ రాని కూతురు పుట్టిందని అనుకుంటూ పెరుగుతుంది. నాన్న చేసిన మంచిలో ఇది ఒక్కటే లోటు. నీకు అండ దొరికింది గానీ, నీలాంటివాడు ఇంకొకడున్నాడని తెలియలేదు. పిచ్చుకకి ఉన్నాడు. ఆ మనిషి సొరుగులో కాగితం దాచుకుని కూర్చున్నాడు.

నువ్వు చదువు. అన్నం బల్ల దగ్గర, వదిన కుట్టుకుంటూ ఉండగా, అమ్మ బట్టలు మడుస్తూ ఉండగా, అందరి ముందూ. పేజీకి గంట పడితే గంట పట్టనీ. లైను తప్పితే తప్పానని పైకే చెప్పు. గుమాస్తాగారిని ఇంటికి పంపించెయ్యి. రెండో రోజుకో ఐదో రోజుకో అది నీ పక్కకి వచ్చి లైను కింద వేలు పెడుతుంది, నాకు తెలుసు, నేనా పిల్లని చూశాను. వదిన ఏమంటుందో అని భయపడుతున్నావు. ఏమైనా అననీ. జడ్జిగారి ముందు నిలబడతావు, వదిన ముందు నిలబడలేవా?

దీనికి ఒప్పుకోలేకపోతే హాస్టలు కాగితం మీద సంతకం పెట్టు. అక్కడైనా తనలాంటివాళ్ళు పదిమంది కనబడతారు. సంతకం పెడితే పెట్టింది నువ్వు. నేను రాకపోవడం వల్ల పెట్టానని పిల్లకి గాని, అమ్మకి గాని చెప్పకు.

నేను రావడం లేదు. సర్వే శాఖకి ఒప్పుకోలు పత్రం ఈ పొద్దునే పంపేశాను. నవంబరు పదిన చేరుతున్నాను. రెండేళ్ళు.

చెల్లి